పార్సిల్ అన్నది ఎవరు

మా గుంటూరు వైపు హేతువాద సభల్లో నాకు మొదట నేర్పిన పాఠం ఇది: ఎవరైనా కొత్త మాట తెస్తే దాని అర్థం తర్వాత అడుగు, దానివల్ల ఎవరికి లాభమో ముందు అడుగు. శకునం అన్నా, మైల అన్నా, జాతకదోషం అన్నా మేము ముందు ఆ ప్రశ్నే వేసేవాళ్లం. వేదిక దిగాక కూడా ఆ అలవాటు వదల్లేదు. ఒమాన్‌కూ నాతోనే వచ్చింది. దుక్మ్ రేవు దగ్గర కడుతున్న ట్యాంకుల సైట్‌లో నేను సేఫ్టీ ఆఫీసర్‌ని. అనుమానించినందుకు జీతమిచ్చే ఉద్యోగం లోకంలో ఇంకోటి ఉంటుందనుకోను. నిచ్చెన గట్టిదే అంటే నమ్మను. కరెంటు ఆపేశామంటే నమ్మను. బెల్టు కట్టుకున్నామంటే దగ్గరికి వెళ్లి లాగి చూస్తాను.

ఆ వేసవిలో స్టాఫ్ బ్లాకులో ఏసీలు మారుస్తున్నామని మమ్మల్ని తలా ఒక చోట సర్దారు. నాకు కార్మికుల వరసలో ఒక గది దొరికింది. రెండంతస్తుల ఇనుప మంచాలు మూడు. గదికి పెద్ద, జగిత్యాల వైపు నుంచి వచ్చిన ఒక ఫోర్‌మన్. అందరూ ఆయన్ని పెద్దన్న అంటారు. ఆయన పై మంచం కడప నుంచి వచ్చిన ముస్లిం డ్రైవర్‌ది. మా సైట్ బస్సు నడుపుతాడు, అందరికీ భాయ్. తలుపు పక్క కింది మంచం మీద నిర్మల్ వైపు స్టీల్ ఫిక్సర్ ఒకడు. కాంక్రీటు పోసేముందు ఇనుప కడ్డీలు అల్లి తీగతో బిగించే పని అతనిది. మిగతా ఇద్దరూ కార్పెంటర్లు. వాళ్లు ఫోన్లో ఇంటివాళ్లతో తప్ప ఎవరితోనూ మాట్లాడగా నేను వినలేదు.

నేను ఆ గదిలో చేరేసరికే స్టీల్ ఫిక్సర్ డ్యూటీకి పోవడం మానేశాడు. ముఖం మీద దుప్పటి లాక్కుని గోడవైపు తిరిగి పడుకునేవాడు. జ్వరం లేదు, దెబ్బ లేదు. క్లినిక్‌లో నీరసమని సెలవిచ్చారు. ఆ సెలవు అయిపోవస్తోంది. అప్పటికీ లేవకపోతే పనికిరాడని తేల్చి విమానం ఎక్కిస్తారు. ఒకసారి అలా పేరు పడినవాణ్ని గల్ఫ్‌లో మరో కంపెనీ తీసుకోదు. ఈ సంగతి గదిలో అందరికీ తెలుసు. అయినా పైకి నవ్వులాటగానే ఉండేవారు.

సాయంత్రం మెస్ కౌంటర్ దగ్గర పెద్దన్న గొంతు ఎత్తేవాడు.

"ఏ, పార్సిల్ ఎవలు వట్టుకొస్తున్నరు ఇయ్యాల?"

గదిలో ఎవరికైనా ఒంట్లో బాగాలేకపోతే వంతులవారీగా స్టీలు క్యారియర్‌లో అన్నం మోసుకెళ్లడం ఆ వరసలో ముందునుంచీ ఉన్న ఆచారమే. వంటవాడు ఎవరికని అడగడు, గిన్నెలు నింపి ఇస్తాడు. మొదట పార్సిల్ అంటే ఆ అన్నం. నేను వెళ్లేనాటికి ఆ మాట అన్నం మీంచి మనిషి మీదికి దిగింది. "పార్సిల్ లేచిండా?" "పార్సిల్ పండుకున్నడు." పక్క గదుల కుర్రాళ్లు దాన్ని ఇంకో మెట్టు దించారు. పార్సిల్ అంటే పెట్టెలో ఇంటికి పోయేవాడు. ఒకడు మా తలుపు దగ్గర ఆగి, "అన్నా, మీ పార్సిల్‌కు అడ్రస్ రాసిండ్రా?" అని అడిగి ఇకిలించాడు. దుప్పటి కింద మనిషి కదల్లేదు.

నాకు ఒళ్లు మండింది. అంతకన్నా ఎక్కువగా అనుమానం మొదలైంది. ఇలాంటి మాట గురించి నేను చదివి ఉన్నాను.

ఒక శుక్రవారం సెలవు మధ్యాహ్నం. బయట సముద్రం మీంచి ఇసుకగాలి రేకుల్ని తడుతోంది. అందరం గదిలో ఉన్నాం. స్టీల్ ఫిక్సర్ ఆరోజు తనంతట తానే మెస్‌కు నడిచి వెళ్లి కడుపునిండా తిని, గడ్డం గీసుకుని వచ్చి, మళ్లీ దుప్పట్లోకి దూరాడు. శుక్రవారం మధ్యాహ్నం లేవగలిగినవాడు శనివారం పొద్దున ఎందుకు లేవలేడన్నది నా రెండో అనుమానం. దాన్ని పక్కనపెట్టి ముందు మాట సంగతి తేల్చుదామని కూర్చున్నాను.

నాజీలు కట్టిన నిర్బంధ శిబిరాల్లో ఖైదీలు తమలో తాము ఒక యాస పుట్టించుకున్నారని చెప్పాను. చచ్చినవాళ్ల సామాను పోగేసే గోదాములకు కెనడా అని పేరు పెట్టారు, కెనడా అంటే అన్నీ దొరికే దేశమని వాళ్ల ఊహ. దొంగతనంగా రొట్టె సంపాదించడాన్ని ఆర్గనైజ్ చెయ్యడం అన్నారు. ఆ మాట అంతకుముందే సైనికుల నోళ్లలో ఉందని కొందరంటారు. యుద్ధం అయిపోయాక కూడా కొన్ని దేశాల్లో అడ్డదారిన సంపాదించడమనే అర్థంతోనే మిగిలింది. కాపలావాడు వస్తున్నాడని చెప్పడానికి మామూలు మాటల్నే గుర్తులుగా వాడేవాళ్లు. ఖైదీల్లోంచే ఏరి తోటి ఖైదీల మీద పెత్తనానికి నిలబెట్టినవాణ్ని కపో అన్నారు. ఆ మాట ఎక్కడిదో ఇప్పటికీ తేలలేదు, కానీ తరాలు గడిచాక కూడా ఒక యూదుణ్ని ఇంకో యూదుడు ఆ మాటంటే అంతకు మించిన తిట్టు లేదు.

"మరి మన క్యాంపుల గా కపో ఎవలు సార్?" అన్నాడు పెద్దన్న.

నేను కిటికీలోంచి క్యాంప్ బాస్ ఆఫీసు వైపు వేలు చూపాను. అందరూ నవ్వారు. ఆ నవ్వు నా జోకుకు రావలసినదానికంటే కాస్త ఎక్కువసేపే సాగింది.

"అసలు మాట చెప్పలేదు," అన్నాను. "తిండి లేక, ఆశ వదిలేసి, కొడితే కూడా చెయ్యి అడ్డం పెట్టుకోని స్థితికి వచ్చినవాడికి వాళ్లు ఒక పేరు పెట్టారు. ఆ పేరు పడ్డవాడితో తోటి ఖైదీలు కూడా మాట్లాడేవాళ్లు కాదు. ఎలాగూ పోయేవాడే కదా అని."

"ఏం పేరు సార్?" భాయ్ పై మంచం మీంచి తల వంచాడు.

చెప్పక తప్పలేదు. "ముసల్మాన్."

భాయ్ లేచి కూర్చున్నాడు. "మా వాళ్లు ఉండిరా ఆడ?"

"దాదాపు లేరు. ఎక్కువమంది యూదులు."

"మరి మా పేరు యాడ దొరికింది వాళ్లకు?"

"రకరకాలుగా చెబుతారు. వంగి వంగి నేలమీద పడిపోతుంటే నమాజు చేసినట్టుందని అన్నారని కొందరు. గుడ్డలు చుట్టుకుని ఊగుతుంటారు గనక అని కొందరు. ముస్లింలు అంతా తలరాతే అనుకుంటారని యూరప్‌లో ఒక దురభిప్రాయం ఉండేది, అందులోంచి వచ్చిందని ఇంకొందరు. ఏదీ తేలలేదు. తర్వాత పుస్తకాలు రాసిన పండితులు కూడా ఆ మాటనే శాస్త్రపదంలా వాడుకున్నారు."

"ఎవరూ మమ్మల్ని అడగలేదు."

"అడగలేదు."

"మేమెవరో తెలియకుండానే చచ్చేవాళ్లను మా లెక్కలో వేసిరి. బాగుండాది సార్, భలే బాగుండాది." భాయ్ మళ్లీ వెల్లకిలా పడుకున్నాడు.

నేను వెంటనే ఇంకో మాట కూడా చెప్పాను, ఎందుకంటే చేతికందిన పోలిక వాడేసే వక్తలంటే నాకు చిరాకు. అవి మనుషుల్ని చంపడానికి కట్టిన చోట్లు. మనం కాగితం మీద సంతకం పెట్టి వచ్చాం, సెలవుకు ఇంటికి పోతాం, రోజూ పిల్లల ముఖం ఫోన్లో చూస్తాం. రెండూ ఒకటే అన్నవాడు అక్కడ చచ్చినవాళ్లనూ ఇక్కడ బతికేవాళ్లనూ ఇద్దర్నీ అవమానిస్తాడు. కానీ ఒక మనిషికి పేరు తీసేసి ఇంకో మాట తగిలిస్తే అతన్ని పలకరించే పని తప్పుతుందన్నది మాత్రం ఏ గదిలోనైనా నిజమే. "ఈ పార్సిల్ అన్న మాట ఎవరు తెచ్చారో నాకు తెలియాలి," అన్నాను.

పెద్దన్న గోరుతో గోడ పెయింటు గీకుతున్నాడు. "మాటకేముంది సార్, గాలికొస్తది, గాలికి పోతది."

గాలికి మాట రాదు. దానివల్ల ఎవరికి లాభమో చూసుకుంటే నాకు ఒక్కడే కనిపించాడు. క్యాంప్ బాస్ అంటే గదులు, మంచాలు, మెస్సు చూసుకునే ఉద్యోగి. గోదావరి జిల్లాల మనిషి, మెత్తగా మాట్లాడతాడు. పడుకున్నవాడు త్వరగా పోతే అతనికి ఒక మంచం ఖాళీ అవుతుంది, ఒక తలనొప్పి తగ్గుతుంది. అందరూ పార్సిల్ అంటుంటే పోవడమే సహజమనిపిస్తుంది. మర్నాడే అతని ఆఫీసుకు వెళ్లి టేబుల్ మీద చెయ్యి వేసి అడిగాను.

"అబ్బే, నాకేం పనండి గురువుగారూ?" అన్నాడు. "నేనే ఆ మాట వాళ్ల దగ్గర విన్నానండి, ఆయ్."

"మీరు కూడా అన్నారు. నేను విన్నాను."

"అందరూ అంటుంటే నోట్లోకొచ్చేసిందండి. తప్పేనంటారా? సరే, తప్పే. తీయించేస్తానండి."

నేను వాదనకు సిద్ధపడి వెళ్లాను. ఎదుటివాడు అంత సులువుగా ఒప్పుకుంటే నాకు ఇంకా అనుమానం. ఆ అనుమానం నిజమేనని సాయంత్రానికే తెలిసింది. మెస్‌లో క్యాంప్ బాస్ నిలబడి ప్రకటించాడు: తోటివాణ్ని పార్సిల్ అని ఎవరూ పిలవకూడదు, అది మనిషికి అవమానం. చాలామంది తలూపారు. తర్వాత అదే గొంతుతో, ఇకనుంచి గదులకు అన్నం పట్టుకెళ్లడం కూడా బంద్ అన్నాడు. గదుల్లో బొద్దింకలు పెరుగుతున్నాయట. తినగలిగినవాడు వచ్చి తింటాడు, రాలేనివాడు క్లినిక్‌కు పోతాడు.

నేను క్యాంప్ బాస్‌ని మెస్ బయట పట్టుకున్నాను. "నేనడిగింది ఇదా?"

"మీరన్నదే చేశానండి. మాట తీసేశాక వస్తువు మాత్రం ఎందుకండీ?"

మా సభల్లో ఇలాంటి గడుసువాళ్లను చూశాను. మూఢనమ్మకం పోవాలని మనమంటే, సరేనని మనుషులు కలుసుకునే జాతరనే ఆపించి, నమ్మకాన్ని ఇంట్లో భద్రంగా దాచుకునే రకం. గదికి వెళ్లి పెద్దన్నతో, రేపు సైట్ మేనేజర్ దగ్గరికి పోదాం, అన్నం ఆపడం కుదరదని వాదిద్దాం అన్నాను. పెద్దన్న నావైపు చూడకుండా, "అద్దు సార్. మేం జూసుకుంటం," అన్నాడు.

ఎలా చూసుకుంటారో మర్నాడు సాయంత్రం చూశాను. నేను సైట్ నుంచి ఆలస్యంగా వచ్చి, గదుల వరసకూ మెస్‌కూ మధ్య ఉన్న ఖాళీ స్థలంలో చెప్పులో ఇసుక దులుపుకుంటున్నాను. పొద్దుగుంకింది. సముద్రం మీంచి మంచుతెర లోపలికి పాకుతోంది, దీపస్తంభాల మధ్య చోటంతా మసకగా ఉంది. మా గది తలుపు తెరుచుకుని ఒక రైలు బయల్దేరింది. ముందు పెద్దన్న. ఆయన భుజం మీద చెయ్యి వేసి స్టీల్ ఫిక్సర్. అతని వెనక భాయ్, ఆ వెనక ఇద్దరు కార్పెంటర్లు, ఒకరి భుజం మీద ఒకరు చేతులు వేసి.

"జరుగుండ్రి జరుగుండ్రి, కాజీపేట బండి వస్తున్నది!" అని పెద్దన్న అరుస్తున్నాడు. పక్క గదులవాళ్లు ఈలలు వేశారు. నేనూ నవ్వబోయాను. ఇంతలో నీళ్ల పైపు అడ్డంగా వేసిన చోట పెద్దన్న "పెద్దపల్లి!" అని కేకేసి మోకాలు బాగా పైకెత్తాడు. వెనకవాడు కూడా ఎత్తాడు. మిగతా ముగ్గురూ పైపును మామూలుగా దాటారు. సిమెంటు మెట్టు దగ్గర "కాజీపేట!" అన్నాడు. స్టీల్ ఫిక్సర్ పాదం మెట్టు అంచును వెతుక్కుని ఆనింది. రైలు నాకు చెయ్యి చాపినంత దూరంలోంచి పోయింది. పనికి వచ్చే రోజుల్లో సైట్‌లో పగలు ఎక్కడ ఎదురైనా నమస్తే పెట్టిన స్టీల్ ఫిక్సర్ నా ముఖంలోకి సూటిగా చూసి, పెట్టకుండానే వెళ్లిపోయాడు. మెస్‌లో ట్యూబులైట్ల వెలుగు మీద పడగానే భుజం మీంచి చెయ్యి తీసేసి, తనే వెళ్లి ప్లేటు అందుకున్నాడు.

వాళ్లు తిని వచ్చేవరకూ గదిలో కూర్చున్నాను. శుక్రవారం మధ్యాహ్నం సంగతి అప్పుడు అర్థమైంది. వేసవిలో మిట్టమధ్యాహ్నం ఎండలో పని చేయించకూడదని ప్రభుత్వం ఆపుతుంది గనక, మా డ్యూటీ తెల్లవారకముందే మొదలవుతుంది. బస్సు చీకట్లో బయల్దేరుతుంది. ఇతను మంచం పట్టింది ఆ టైము మారినప్పటినుంచే.

"చూపు ఎప్పటినుంచి ఇలా ఉంది?" అని వాళ్లు రాగానే అడిగాను.

"సూపుకేమైంది?" అన్నాడు పెద్దన్న. "మంచిగున్నది."

"పెద్దపల్లి దగ్గర నేను నిలబడి ఉన్నాను."

భాయ్ వెళ్లి తలుపు గడియ పెట్టాడు. "మెల్లిగా సార్. ఇవి ప్లైవుడ్డు గోడలు."

స్టీల్ ఫిక్సర్ మంచం అంచున కూర్చున్నాడు. అన్నాళ్లూ నేను సరిగా వినని గొంతు అది. "పొద్దు ఉన్నంత సేపు సూదిల దారం ఎక్కిస్త సార్. పొద్దుగూకినంక మీ మొకం గూడ మసక మసకనే. మా నాయినకు గిట్లనే ఉండె."

"నువ్వు ఈ చూపుతో పైన ఎక్కావా?"

"చీకట్ల ఎక్కలే. చీకట్ల డ్యూటీ అని తెల్వంగనే పండుకున్న."

"మరి ఆ మాట? పార్సిల్?"

"నేనే వెట్టిన," అన్నాడు పెద్దన్న. "మనాది వట్టినోడు, దిగులుతోని పండుకున్నడు అంటే ఎవడు దగ్గరికి రాడు, ఎవడు ఏం అడగడు. పార్సిల్ అని పేరు వడ్డదంటే అన్నం నడుచుకుంట వస్తది. మీరు ఈ గదికి వస్తున్నరని తెలిసినంక ఇంకింత గట్టిగ అన్నం."

"నాకోసమా?"

"మీకోసమే. మీరు సేఫ్టీ. కండ్ల ముచ్చట మీ చెవుల వడితే తెల్లారంగనే గేటు బయట వెడుదురు. అబద్ధమా సార్?"

అబద్ధం కాదు. నేను ఒప్పుకున్నాను.

"పక్క గదులోళ్లు పెట్టె అన్నరు, అడ్రస్ అన్నరు. మేం వెట్టిన మాట మా చేతుల ఉంటదా? వాళ్లు బొంద దాకా గుంజుకపోయిండ్రు. వీడు దుప్పట్ల ఏడ్సిండు. అయినా ఇడిసిపెట్టలే, ఎందుకంటె మాట పోతే అన్నం పోతది. పోయింది గద, మీ పుణ్యమాని."

భాయ్ పై మంచం ఎక్కుతూ అన్నాడు, "ఆ దేశం క్యాంపు మాటలు అన్నీ ఇడమరిచి చెప్పినారు సార్. కాపలావాడు వస్తాంటే చెప్పుకునే మాటలు కూడా ఉండేవని అన్నారే, దాని దగ్గర మాత్రం ఎక్కువసేపు ఆగలేదు మీరు."

స్టీల్ ఫిక్సర్ నావైపు తిరిగాడు. గదిలో లైటు వెలుగుతోంది, నన్ను చూస్తూనే అడిగాడు. "ఇప్పుడు రాస్తరా సార్?"

"రాస్తాను."

పెద్దన్న నిట్టూర్చి చొక్కా విప్పడం మొదలుపెట్టాడు, ఇక మాట్లాడేదేం లేదన్నట్టు.

"ఇతన్ని చీకట్లో పనికి పంపకూడదు, ఎత్తు మీదికి ఎక్కించకూడదు అని రాస్తాను," అన్నాను. "అది ఎవరడ్డం వచ్చినా రాస్తాను. కిందపడితే ఇతను ఒక్కడే పోడు, కింద నిలబడ్డవాడూ పోతాడు. పగటి వెలుతురులో నేలమీద ఏ పనైనా చెయ్యగలడనీ రాస్తాను. రెండూ నిజాలే."

"మొదటిది సదువుతరు," అన్నాడు పెద్దన్న చొక్కా మడతపెడుతూ. "రెండోది సదువుతరా?"

ఆ రాత్రి కూర్చుని రెండు వాక్యాలూ ఒకే కాగితం మీద రాశాను.

మర్నాడు సైట్ మేనేజర్ గదిలో నిలబడ్డాను. కార్మికులు ఆయన్ని ముదీర్ అంటారు. మొదటి వాక్యం చదివి, ఆయన సరిగ్గా పెద్దన్న చెప్పినట్టే కాగితం పక్కన పెట్టాడు. రెండోది నేను పైకి చదివి వినిపించాను. కడ్డీలు వంచే యార్డు ఉంది కదా, రేకుల షెడ్డు కింద, ఎండ తగలదు గనక అక్కడ పని తెల్లవారాకే మొదలవుతుంది. అక్కడికి చెయ్యి తిరిగినవాడు కావాలని మీరే అడుగుతున్నారు కదా అన్నాను. ఈ చూపు సంగతి దాచడం అతని తప్పు కాదు, చెప్తే ఏం చేస్తామో అందరికీ తెలిసేలా నడుస్తున్న మన పద్ధతిది అన్నాను. గొంతు పెంచాను కూడా. ముందు కంటి డాక్టరుకు చూపించమన్నాడు. మస్కట్‌లో డాక్టరు అది పుట్టుకతో వచ్చే రేచీకటి అని, మందు లేదని, పగటి చూపు ఇంకా చాలాకాలం ఉండవచ్చని చెప్పాడు. తిరిగొచ్చాక అతన్ని యార్డుకు మార్చారు. నా వాదన గెలిచిందా, వంచేవాళ్లు దొరక్క ఒప్పుకున్నారా అంటే రెండోదే అని నా అనుమానం. ఆ యార్డులో మనుషులు సరిపోయిన రోజున మళ్లీ ఆ గదిలో నిలబడాల్సి వస్తుందనీ నాకు తెలుసు.

అన్నం మోసుకెళ్లడం మీద నిషేధం ఎత్తలేదు. సాయంత్రం కాజీపేట బండి ఇప్పటికీ నడుస్తోంది. ఇప్పుడు దానికి పక్క గదుల పెట్టెలు కూడా తగులుకుంటున్నాయి. మొదట అడ్రస్ అడిగి ఇకిలించినవాడు అందరికంటే వెనక పెట్టె, ఈల కూడా వాడే వేస్తాడు. నేనూ ఒకరోజు పెద్దన్న ముందు నిలబడి ఇంజను నేనవుతానన్నాను. "మీకు స్టేషన్లు తెల్వయి సార్," అని ఆయన నన్ను పక్కకు జరిపాడు.

స్టాఫ్ బ్లాకులో ఏసీలు బిగించాక నా గదికి వెళ్లిపోయాను. శుక్రవారాలు మాత్రం పాత గదికి చాయ్‌కి వెళ్తుంటాను. ఈమధ్య ఒక సంగతి గమనించాను. నేను తలుపు తీసేలోపు లోపల ఎవరో ఒకరు గట్టిగా అంటారు: "కొబ్బరినూనె ఉన్నదా?" ఎవరూ ఉందనరు, లేదనరు. ఒకసారి దిండు కింద ఏదో సర్దిన చప్పుడైంది. ఇంకోసారి జరుగుతున్న మాట సగంలో ఆగి వానల మీదికి మళ్లింది. ఆ గదిలో కొబ్బరినూనె సీసా నేనెప్పుడూ చూడలేదు. నాది బట్టతల.

ఆ మాట ఎవరు పెట్టారో నేనడగలేదు. ఇప్పుడు ఆ వరసలోకి తిరగ్గానే బూట్లు సిమెంటు మెట్టు మీద రెండుసార్లు గట్టిగా రుద్ది, కాసేపు ఆగుతాను. లోపల భాయ్ గొంతు వినబడుతుంది, "కొబ్బరినూనె ఉండాదా?" అని. ఆ తర్వాత తలుపు తడతాను.